ఎడమ అద్దం

పోయిన వారం మనం కౌసల్యను ఫిలింనగర్ షెడ్డులో, జాకీల మీంచి అప్పుడే దించిన పికప్ బండి ముందు విడిచిపెట్టాం. కొత్తగా చదివేవారి కోసం రెండు ముక్కలు. మద్రాసులో షూటింగులకు జనరేటరు నడిపే సూర్యప్రకాశరావు, పరిశ్రమ వెంట హైదరాబాదు వచ్చి, ఇక్కడ కాస్త నిలదొక్కుకునే వేళకి గుండె ఆగి పోయాడు. భార్య కౌసల్యకు మిగిలినవి చక్రాల ట్రాలీ మీద కూర్చోబెట్టిన ఒక జనరేటరు, దాన్ని లాక్కెళ్లే డీజిల్ పికప్. ఆ పికప్‌ను నడిపేవాడు, బాగుచేసేవాడు షేక్‌పేట వెంకటనర్సయ్య. ఈమధ్య పెద్ద కంపెనీ ఒకటి లారీల మీద జనరేటర్లు దించేసరికి ఆమెకు పిలుపులు తగ్గిపోయాయి. అలాంటి సమయంలో అనంతగిరి కొండల మీద తీసే సినిమా ఒకటి వెతుక్కుంటూ వచ్చింది. అక్కడి అడవి దారి ఇరుకు. మలుపుల్లో లారీ తిరగదు, పికప్ తిరుగుతుంది. అయితే అంత బరువును వెనక కట్టుకుని ఘాట్ ఎక్కగలదా అన్నదే అనుమానం. శుక్రవారం పొద్దున్నే యూనిట్ బయల్దేరుతుందని ప్రొడక్షన్ మేనేజరు సత్యనారాయణమూర్తి చెప్పి వెళ్లాడు.

ఇవాళ బుధవారం.

కౌసల్య పొద్దున్నే పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. పొంగిన పాలు తుడుస్తూ కాఫీ సంగతి మరిచిపోయింది. చివరికి ఏమీ తాగకుండానే షెడ్డుకి నడిచింది. నర్సయ్య ఇంకా రాలేదు. బండి చుట్టూ ఒకసారి తిరిగింది, కిందికి వంగి చూసింది, కొక్కెం బోల్టుల మీద చెయ్యి వేసి ఊపింది. అవి కదలవని ఆమెకు తెలుసు. అయినా ఊపింది.

ఆ బండి విషయంలో వాళ్లిద్దరికీ చాలాకాలంగా తగువు. కౌసల్యకు డీజిల్ పొదుపు కావాలి. బరువైన చెక్క తొట్టి పీకించి రేకు తొట్టి వేయించింది. నాజిళ్లు శుభ్రం చేయించి, ఎర్రగడ్డలో ఇంజనుకు డీజిల్ అందించే పంపు సెట్టింగు చేయించి, పొగ గొట్టంలోంచి నల్లపొగ రాకుండా చేసింది. టైర్లలో గాలి తనే దగ్గరుండి చూసుకునేది. నర్సయ్యకు ఈ పిసినారితనం నచ్చేది కాదు. కడుపు మాడ్చిన ఎద్దు కాడి లాగదనేవాడు. మెక్కిన ఎద్దు గట్టు మీదే పడుకుంటుందని ఆమె జవాబు చెప్పేది.

అనంతగిరి పని ఒప్పుకున్నాక ఇద్దరూ చెరో మెట్టు దిగారు. వెనక ఇరుసులోని పళ్లచక్రాల జత మార్చారు. పాత మినీబస్సుది ఒకటి దొరికితే, పరుగు తగ్గినా లాగే బలం పెరుగుతుందని, దాన్ని సాపు చేసి బిగించారు. బరువు మోసే కమాన్లకు అదనపు పట్టీలు చేర్చారు. రేడియేటరు పెద్దది వేశారు. ట్రాలీ తగిలించే కొక్కెం ఇదివరకు తొట్టి చివర వేలాడుతుండేది. ఈ పనికి ముందే, వేసవిలో, దాని పాత అతుకులు కొట్టేసి, లోపలికి జరిపి, అడ్డంగా మందపాటి ఇనుప దూలం వేసి బిగించారు. పంపు మాత్రం కౌసల్య ముట్టుకోనివ్వలేదు. డీజిల్ ఎక్కువ పోస్తే బలం కన్నా ముందు పొగా, వేడీ వస్తాయంది. ఆ మాట నిజమని నర్సయ్య ఒప్పుకోలేదు గానీ, పంపు జోలికీ పోలేదు.

నర్సయ్య వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటాడు. భుజం మీద తువ్వాలతో సీటు దులుపుకుని ఎక్కాడు. కౌసల్య ఎడమ పక్కన కూర్చుంది. వెనక ట్రాలీ తగిలించి, జనరేటరు ట్యాంకు నిండా డీజిల్ పోసి, కేబుల్ చుట్టలన్నీ వేసి, సరిగ్గా శుక్రవారం ఎంత బరువు ఉంటుందో అంత బరువుతో బండి కదిలింది.

షేక్‌పేట దిగువ నుంచి ఫిలింనగర్ మీదికి ఎక్కే దారి అప్పట్లో సగం తారు, సగం కంకర. రెండు పక్కలా బండలు పగలగొట్టి ఇళ్లు లేపుతున్నారు. అదివరకు ఈ ఎత్తు వచ్చేసరికి ఇంజను గొంతు మారిపోయేది. దగ్గుతూ, మూలుగుతూ, మొదటి గేరులోకి దిగి పాకేది. ఇవాళ రెండో గేరులోనే, తొందర లేకుండా, కావిడి మోసేవాడు అడుగులు వేసినట్టు ఎక్కుతూ పోయింది. కౌసల్య వేడి చూపించే ముల్లు మీంచి కళ్లు తియ్యలేదు. ముల్లు సగం దగ్గర నిలబడిపోయింది. అద్దంలోకి చూస్తే పొగ లేదు. నర్సయ్య ఆమె వైపు చూడకుండానే నవ్వుతున్నాడు. ఆమెకూ నవ్వు వచ్చింది. సూర్యప్రకాశరావు పోయాక ఆమె ఇంజను శబ్దం విని నవ్వడం అదే మొదలు.

జూబ్లీహిల్స్ మీది దాకా పోయి వెనక్కి తిరిగారు. అసలు పరీక్ష దిగేటప్పుడు మొదలైంది.

సగం వాలు దిగాక కౌసల్య తన పక్కనున్న ఎడమ అద్దంలో ట్రాలీ తోక కనిపించడం గమనించింది. కనిపించి మాయమైంది. మళ్లీ కనిపించింది, ఈసారి ఇంకొంచెం ఎక్కువగా. ట్రాలీ ఊగుతోంది. వెనకవైపు బరువు ఎక్కువైతే అలా ఊగుతుందని భర్త ఎన్నోసార్లు చెప్పాడు. పొద్దున ట్యాంకు నింపించింది, కేబుల్ చుట్టలు వెనకే వేయించింది ఆమే. నర్సయ్య చూసి సర్దుకుంటాడులే అని ఒక్క క్షణం ఊరుకుంది. నర్సయ్య తాపీగా ముందుకే చూస్తున్నాడు. రోడ్డు ఎడమ అంచున ఒక ఆడమనిషి సీతాఫలాల గంప దించుకుని కూర్చుని ఉంది. అద్దంలో ట్రాలీ తోక ఆమె వైపే వస్తోంది.

"నర్సయ్యగారూ, ఎడమ" అంది కౌసల్య. ఆయన తల పూర్తిగా అటు తిప్పాడు. అద్దం వైపు కాదు, కౌసల్య మొహం వైపు. ఏమైందో ఆమె మొహంలో చూసి తెలుసుకున్నవాడిలా యాక్సిలరేటరు మీంచి కాలు తీశాడు. బ్రేకు మీద విరుచుకుపడకుండా బండిని నెమ్మదింపజేశాడు. ఆడమనిషి గంప వదిలేసి బండల మీదికి ఎగిరి దూకింది. ట్రాలీ అంచు గంపను ఈడ్చుకుంటూ పోయి, చివరికి ఊగడం మానింది.

బండి ఆగాక ఆ ఆడమనిషి తిట్టిన తిట్లు అన్నీ కౌసల్య నిలబడి విన్నది. ఆ మనిషి మోచెయ్యి గీసుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. కౌసల్య పిడికిట్లో వచ్చినంత డబ్బు తీసి ఇచ్చి, చితికిన పళ్లు ఏరిపెట్టింది. వేళ్లన్నీ జిగురైపోయాయి. నర్సయ్య కిందికి దిగలేదు. చేతులు స్టీరింగు మీదే పెట్టుకుని, అమ్మవారి గుళ్లో తప్పు చేసినవాడిలా కూర్చున్నాడు.

బండి మళ్లీ షెడ్డు దారి పట్టింది. కౌసల్య మనసులో ఒకటి తర్వాత ఒకటి తిరుగుతున్నాయి. ఈమధ్య బండి ఎప్పుడు నిలిపినా నర్సయ్య ఎడమ పక్కకి గోడ వచ్చేలా నిలపడం. పంజాగుట్ట దగ్గర ఎడమవైపు తిరగాల్సి వస్తే, ఏదో మాట కలిపినట్టు, అటేమన్నా వస్తున్నదా చూడమనడం. టీ గ్లాసు ఇస్తే కుడిచేత్తో గాలిలో వెతికినట్టు అందుకోవడం. వయసు అనుకుంది. అలసట అనుకుంది. అసలు ఏమీ అనుకోలేదు, అదే నిజం. ఆమెకు బండి గురించి ఆలోచించడానికే తీరిక ఉండేది.

షెడ్డులో నర్సయ్య కొక్కెం ముందు గొంతుక్కూర్చుని బోల్టులు చూస్తున్నాడు. ఇరవై నాలుగో నంబరు పానా ఇవ్వమని చెయ్యి చాపాడు. కౌసల్య పానా తీసుకుని చప్పుడు కాకుండా ఆయన ఎడమ పక్కకి వచ్చి, మొహానికి జానెడు దూరంలో పట్టుకుంది. ఆయన చెయ్యి కుడివైపు చాపి అలాగే ఉంచాడు. కాసేపటికి, ఇయ్యమ్మా అన్నాడు. పానా ఆయన చెంప పక్కనే ఉంది.

"ఎప్పటి నుంచి?" అంది కౌసల్య.

మాట ఎడమవైపు నుంచి రావడంతో ఆయన ఉలిక్కిపడి తల తిప్పాడు. పానా చూశాడు. ఆమెను చూశాడు. ఏందమ్మా అనబోయి మానుకున్నాడు. పక్కనున్న పాత టైరు మీద కూర్చుని తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

ఎండాకాలంలో, కొక్కెం పాత అతుకులు సుత్తీ ఉలీ పెట్టి కొట్టేసిన రోజున, తుప్పు పెచ్చు ఒకటి లేచి కంట్లో పడిందట. నీళ్లతో కడుక్కుని, తువ్వాల కట్టుకుని పని పూర్తి చేశాడట. రెండోరోజు కన్ను ఎర్రబడింది. తర్వాత పొగమంచు పట్టినట్టయింది. ఆ తర్వాత ఆ పొగమంచు కూడా పోయి ఏమీ లేకుండా అయింది.

"కండ్లు అచ్చినయని మీకు చెప్పిన గదా. అబద్ధం చెప్పిన" అన్నాడు.

కౌసల్యకు ఆ రోజు గుర్తుంది. సాయంత్రం స్టూడియో నుంచి పిలుపు వస్తే, చీకటి పడేలోపు పాత కొక్కెం ఊడి కొత్తది బిగియాలని ఆయన నెత్తి మీద నిలబడింది తనే. కళ్లకు పెట్టుకునే అద్దాల పట్టీ తెగిపోయిందని ఆయన అంటే, రేపు కొందాంలే అన్నదీ తనే. ఆ రేపు రాలేదు. ఆ తర్వాత వారం రోజులు ఆయన కంటికి గుడ్డ కట్టుకుని వస్తుంటే, కళ్లకలకే అనుకుని, దగ్గరికి రాకండి నాకూ అంటుకుంటుంది అని నవ్వుతూ అంది.

ఆమెకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తన మీద రావాల్సిన కోపం ఆయన మీదికి వెళ్లింది. ఒంటికంటితో ఊరంతా తిప్పారా, వెనక తొట్టిలో లైట్‌బాయ్‌లను కూర్చోబెట్టుకుని తిప్పారా అని అడిగింది. మొన్న బడి పిల్లలు అడ్డం వస్తే ఆపారు కదా, వాళ్లు ఎడమవైపు నుంచి వచ్చి ఉంటే అని అడిగింది. నర్సయ్య తల ఎత్తాడు.

"ముప్పై ఏండ్ల సంది బండి నడుపుతున్నమ్మా. బండి ఎట్ల పోతున్నదో నా నడుముకు తెలుస్తది. చెవికి తెలుస్తది. కండ్లతోని చూసేది తక్కువనే."

"ఆ సీతాఫలాలమ్మ కూర్చున్నట్టు మీ నడుముకు తెలియలేదు కదండీ."

ఆ మాట అన్నాక ఆమెకే బాధ అనిపించింది. నర్సయ్య మొహం కమిలిపోయింది. చాలాసేపు నేల మీది గ్రీజు మరక వైపు చూశాడు. చెప్పదలుచుకుంటే ఎప్పుడో చెప్పేవాడినన్నాడు. చెప్తే ఏమవుతుంది? డ్రైవరు పని పోతుంది. ఒంటికన్ను డ్రైవరని షేక్‌పేట నుంచి స్టూడియోల దాకా పేరు పడుతుంది. తాత ముత్తాతల పొలం పోయి అందులో బంగళాలు లేచాక, ఆ బంగళాల మధ్య స్టీరింగు పట్టుకునే బతికాడు. ఇప్పుడు వాచ్‌మన్ కర్ర పట్టుకోమంటే చేతులు రావడం లేదన్నాడు.

"ఒక్కటే అడుగుత. బాలమణికి తెల్వది. మీ నోట రానియ్యకుండ్రి."

బాలమణి ఆయన భార్య. షెడ్డుకి తరచు వచ్చే మనిషే. కౌసల్య ఆమెను చూసినప్పుడల్లా, సూర్యప్రకాశరావు బతికి ఉంటే తామిద్దరూ కూడా ఇలాగే ఒకరినొకరు దెప్పుకుంటూ ముసలివాళ్లయ్యేవాళ్లం కదా అనుకునేది. మాట ఇవ్వడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అయినా ఆయన మొహం చూసి, సరే అంది. మీరే చెప్పండి, ఎంతోకాలం దాచకండి అని మాత్రం కలిపింది.

మధ్యాహ్నమంతా కౌసల్య ఒకచోట నిలవలేదు. ఇంటికి వెళ్లి అన్నం వడ్డించుకుని కలపకుండానే లేచింది. మళ్లీ షెడ్డుకి వచ్చింది. ఇంకో డ్రైవరును పెట్టుకోవచ్చు. కానీ ట్రాలీ లాగడం తెలిసినవాళ్లంతా ఆ పెద్ద కంపెనీలో చేరిపోయారు. అందులో ఒకడిని పిలిస్తే సాయంత్రానికి నర్సయ్య కన్ను సంగతి ఫిలింనగర్ అంతా పాకుతుంది, శుక్రవారానికి ఆ పనీ పోతుంది. పని వదులుకుందామన్నా మనసు రాలేదు. ఇది వదులుకుంటే జనరేటరు అమ్ముకోవడమే, అమ్ముకుంటే ఈ ఊళ్లో తనకు ఏ పనీ లేదు.

ఏదో ఒకటి తేల్చుకుందామని జూబ్లీహిల్స్‌లోని ప్రొడక్షన్ ఆఫీసుకు వెళ్లింది. సత్యనారాయణమూర్తి చెడ్డవాడు కాదు, మర్యాదగానే కూర్చోబెట్టాడు. ఇంకొక్క రోజు గడువు కావాలని ఆమె అడిగింది. డ్రైవరుకు ఒంట్లో బాగాలేదని మాత్రం చెప్పింది. ఆయన నెత్తి కొట్టుకున్నంత పని చేశాడు. హీరోయిన్ డేట్లు, అడవి పర్మిషన్లు, కొండమీద కట్టిన సెట్టు, అన్నీ ఏకరువు పెట్టాడు.

"బండి ఎవరు నడుపుతారో నాకక్కర్లేదండీ కౌసల్యగారూ. మీరు నడిపినా నాకభ్యంతరం లేదు. శనివారం పొద్దుటికి కొండమీద లైటు వెలగాలి, అంతే" అన్నాడు.

ఆయన విసుగులో అన్న మాట అది. కౌసల్య మాత్రం మెట్లు దిగుతూ దాన్నే పట్టుకుంది. మద్రాసులో ఉన్నప్పుడు సూర్యప్రకాశరావు ఆమెకు డ్రైవింగు నేర్పి లైసెన్సు ఇప్పించాడు. ఈ పికప్‌లోనూ డీజిల్ బంకు దాకా, ఎర్రగడ్డ దాకా ఎన్నోసార్లు వెళ్లి వచ్చింది. వెనక ట్రాలీ కట్టుకుని మాత్రం ఎప్పుడూ నడపలేదు.

నర్సయ్యకు చెబితే ముందు నవ్వాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు. ఘాట్ అంటే బంకుకు పోయి వచ్చినట్టు కాదన్నాడు. అయితే మీరు పక్కన కూర్చుని చెప్పండి, మీ చెవీ నడుమూ నాకివ్వండి, కళ్లు నేను పెట్టుకుంటాను అంది కౌసల్య. ఆయన జేబులోంచి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

గురువారమంతా షేక్‌పేట దిగువనున్న ఖాళీ జాగాలో గడిచింది. ముందు బరువు సర్దారు. కేబుల్ చుట్టలు ట్రాలీ ముందుకు తెచ్చారు, జనరేటరు ట్యాంకు సగం ఖాళీ చేసి ఆ డీజిల్‌ను పికప్ తొట్టిలో పీపాల్లోకి ఎక్కించారు. ట్రాలీ కొక్కెం మీద కాస్త బరువు పడి కుదురుగా కూర్చుంది. మళ్లీ వాలు దిగి చూస్తే ఊగలేదు. ఎడమవైపు లారీ అద్దం ఒకటి తెచ్చి బిగించారు.

ముందుకు నడపడం కష్టమనిపించలేదు. వెనక్కి నడపడమే ప్రాణం తీసింది. ట్రాలీ ఎడమకు పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. తిప్పినదాన్ని వెంటనే మళ్లీ విడవాలి, లేకపోతే ట్రాలీ మడతపడి బండికే గుద్దుకుంటుంది. కౌసల్య తిప్పాల్సినప్పుడు ఆలోచించేది, ఆలోచించేసరికి ఆలస్యమయ్యేది. ట్రాలీ కొంటెగిత్తలా పక్కకి తిరిగి నిలబడేది. నర్సయ్య మొదట్లో గొంతు పెంచి, తర్వాత తగ్గించి, చివరికి వివరించడమే మానేసి, స్టీరింగును పైభాగాన కాకుండా కింది భాగాన చెయ్యి పెట్టి పట్టుకోమని చూపించాడు. చెయ్యి ఎటు పోతే ట్రాలీ అటు పోతుందన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమెకు ముడి విడింది. ఎండ వాలేసరికి రెండు బండల మధ్య నుంచి ట్రాలీని వెనక్కి తిన్నగా పోనిచ్చింది. దిగి ట్రాలీ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

నర్సయ్య ఎడమ సీటులోనే కూర్చుని ఉన్నాడు. తనకు తెలియకుండానే ఆయన చేతులు మోకాళ్ల మీద అటూ ఇటూ తిరుగుతున్నాయి, అక్కడ స్టీరింగు ఉన్నట్టు. కౌసల్య చూడనట్టు మొహం తిప్పుకుంది.

శుక్రవారం పొద్దున షెడ్డు ముందు వాలు మీద యూనిట్ వ్యాన్లు వరసకట్టాయి. కౌసల్య కొబ్బరికాయ కొట్టింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పికప్‌ను ఆడమనిషి నడుపుతుందని తెలిసి వ్యాన్లలోంచి కొందరు తలలు బయటపెట్టి చూశారు. ఆమె పట్టించుకోలేదు. ఇంజను స్టార్టు చేసింది. మొదటి తిప్పుకే అందుకుంది. నర్సయ్య చిన్న బట్టల మూట కాళ్ల దగ్గర పెట్టుకుని ఎడమ సీటులో కూర్చున్నాడు. ముందున్న వ్యాను కదిలింది.

అప్పుడు షేక్‌పేట వైపు నుంచి బాలమణి గబగబ ఎక్కి వస్తూ కనిపించింది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, చంకలో సంచీతో, ఒగరుస్తూ వస్తోంది. నేరుగా బండి ఎడమ తలుపు దగ్గరికి వచ్చి నిలబడి, భర్త కాళ్ల దగ్గరున్న మూట చూసింది.

"ఎటు వోతున్నవ్?" అంది.

నర్సయ్య మూటను కాలితో లోపలికి నెట్టాడు. బాలమణి ఆయన మీదుగా కౌసల్యను చూసింది.

"ఇయ్యాల పనికి రావొద్దని మీరు సుట్టి ఇచ్చిండ్రని చెప్పిండమ్మా. బండిని సాగనంపి వస్త, తయారుగుండు అన్నడు. నేను దవాఖానకు అన్నీ సర్దుకుని కూసున్న. ఎంతకూ రాకపాయె."

కౌసల్య ఏ దవాఖానా అని అడగబోయి, నర్సయ్యకు ఇచ్చిన మాట గుర్తొచ్చి ఆగింది. ఆమె మొహం చూసి బాలమణికి అర్థమైంది.

"కన్ను సంగతి నాకు తెల్వదని చెప్పిండా మీకు?" అంది. "తోల్కపోయి చూపిచ్చింది నేనే. ఎండాకాలం నుంచి ఎర్క నాకు."

కౌసల్య నర్సయ్య వైపు తిరిగింది. ఆయన ముందు అద్దంలోంచి రోడ్డు వైపే చూస్తున్నాడు.

"ఎడమది పోయిందని చెప్పి ఉంటడు. కుడిదాని ముచ్చట చెప్పిండా?"

ఇంజను ఒకే తీరుగా ఆడుతోంది. బండి అద్దాలు సన్నగా అదురుతున్నాయి.

"చెడిన కన్ను లోపలుంటే మంచి కన్నుకు గుడ ఆ రోగం వస్తదన్నరు డాక్టర్లు" అంది బాలమణి. ఆమె గొంతు పెంచలేదు. "వచ్చింది గుడ. వారం సంది వెలుతురు చూడలేకపోతున్నడు. ఆలస్యం చేస్తే రెండూ పోతయట. ఇయ్యాల మంచం ఇస్తమన్నరు. ఇయ్యాల రాకుంటె మల్ల ఎన్నడో చెప్పలేమన్నరు."

కౌసల్య అప్పుడు ఆయన కుడికన్ను చూసింది. రెండు రోజులుగా పక్కనే ఉన్నా చూడలేదు. కన్ను ఎర్రగా ఉంది. మూలనుంచి నీరు కారి చెంప మీద చార కట్టింది. భార్యకు చెప్పొద్దని ఆయన ఎందుకు మాట తీసుకున్నాడో ఆమెకు తెలిసింది. తను బాలమణితో రెండు నిమిషాలు మాట్లాడినా కుడికన్ను సంగతి బయటపడి, ఈ ప్రయాణం ఆగిపోయేది.

వెనక కారులోంచి సత్యనారాయణమూర్తి హారను కొట్టాడు. ముందు వ్యాను మలుపు దాటి కనబడకుండా పోయింది. ఆయన కారు తలుపు తీసి చెయ్యి ఊపుతూ, కానివ్వండి కానివ్వండి అంటున్నాడు. ఇంకొక్క రోజు గడువు ఇవ్వని మనిషి. కొండ మీది మలుపుల్లో ఏ బస్సో ఎదురొచ్చి వెనక్కి నడపాల్సి వస్తే, పక్కన నర్సయ్య లేకుండా ట్రాలీని నడపగలనని కౌసల్యకు నమ్మకం లేదు. క్లచ్ తొక్కి పట్టిన కాలు అప్పటికే నొప్పెడుతోంది.

"కొండ ఎక్కినంక చూస్కుందాం" అన్నాడు నర్సయ్య, ఎవరి వైపూ చూడకుండా. "గేరెయ్యుండ్రమ్మా."

కౌసల్య గేరు రాడ్డు మీద చెయ్యి వేసింది. బాలమణి తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు.